కణం లోపలి చక్కెర: జెరాల్డ్ హార్ట్ పరిశోధన జీవితం

అందరికీ నమస్కారం. ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకునే ఉంటారు. మన ల్యాబుల్లో "మూడు నెలల షుగర్" అంటారే, అదే. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే అది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. దీనికి ఏ ఎంజైమూ అక్కర్లేదు, దానంతటదే అతుక్కుంటుంది. బాగా అతుక్కుపోయాక ఇక ఆ ఎర్రకణం బతికినన్నాళ్లూ, అంటే దాదాపు 120 రోజులు, వదలదు. డయాబెటిస్ ఉన్నవాళ్లలో ఈ రకం హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుందని 1968లో టెహ్రాన్‌లో శామ్యూల్ రహ్‌బర్ అనే వైద్యుడు గమనించి ప్రచురించారు. ఈ పరీక్షకు మూలం అదే.

ఈరోజు నేను మాట్లాడబోయేది ఈ చక్కెర గురించి కాదు. కణం తనకు తానుగా, పని కట్టుకుని, తన లోపలి ప్రోటీన్ల మీద పెట్టుకునే ఇంకో చక్కెర ఉంది. పెడుతుంది, తీసేస్తుంది, మళ్లీ పెడుతుంది. కొన్నిచోట్ల ఇదంతా నిమిషాల్లో జరిగిపోతుంది. దాని పేరు ఓ-గ్లిక్‌నాక్. 1984 దాకా అలాంటిది ఒకటి ఉందని ప్రపంచంలో ఎవరికీ తెలియదు. దాన్ని బయటపెట్టి, ఆ తర్వాత తన పరిశోధన జీవితమంతా దానికే ఇచ్చిన మనిషి జెరాల్డ్ హార్ట్.

ముందు నేపథ్యం కొంచెం చెప్పాలి. మన కణాల పైపొర మీద ఉండే ప్రోటీన్లలో చాలావాటికి చక్కెర గొలుసులు ఉంటాయి. ఏ, బీ, ఏబీ, ఓ అని మనం చెప్పుకునే బ్లడ్ గ్రూపులు ఆ గొలుసుల చివర ఏ చక్కెర ఉందన్న తేడాయే. ఈ గొలుసుల్ని కట్టే పని కణంలో ప్రత్యేకమైన గదుల్లో జరుగుతుంది. ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అని ఒకటి, గాల్జీ అని ఒకటి. ప్రోటీన్ వాటి లోపలికి వెళ్లి, చక్కెర తగిలించుకుని, అక్కణ్ణుంచి కణం పైకి గానీ బయటికి గానీ పోతుంది. కణద్రవ్యంలో, కేంద్రకంలో ఉండిపోయే ప్రోటీన్లు ఆ గదుల్లోకి అడుగే పెట్టవు. మరి వాటికి చక్కెర ఎక్కడిది? కాబట్టి చక్కెర ఉన్న ప్రోటీన్ అంటే బయటి ప్రోటీన్, లోపలి ప్రోటీన్‌కి చక్కెర ఉండదు. పాఠ్యపుస్తకాల్లో ఉన్న సూత్రం ఇది. ఆధారం లేకుండా ఎవరో రాసింది కూడా కాదు. తెలిసిన ఎంజైములన్నీ ఆ గదుల లోపలే ఉన్నాయి కదా.

హార్ట్ కాన్సస్ రాష్ట్రం నుంచి వచ్చారు. 1977లో కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ పూర్తి చేసి, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ వైద్య విద్యాలయంలో విలియం లెన్నార్జ్ దగ్గర చేరారు. ప్రోటీన్ల మీదికి చక్కెర గొలుసులు ఎలా ఎక్కుతాయన్న విషయంలో లెన్నార్జ్ పెద్ద పేరున్న మనిషి. అంటే హార్ట్ ఆ పాత సూత్రాన్ని తయారుచేసిన వాళ్ల బడిలోంచే వచ్చారు. కొన్నాళ్లకి అక్కడే సొంత ల్యాబు పెట్టుకున్నారు.

ఆ ల్యాబులో కార్మెన్-రోసా టోరెస్, హార్ట్ కలిసి చేసిన ప్రయోగాన్ని కాస్త నిదానంగా చెప్తాను. ఈ ప్రయోగం తెలియకుండా మిగతాదంతా విన్నా ఉపయోగం లేదు.

వాళ్లు తీసుకున్నది ఎలుకల లింఫోసైట్లు, రోగనిరోధక కణాలు. ఆ కణాల పైపొర మీద గొలుసు చివర్లో ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్ అనే చక్కెర ఎక్కడెక్కడ ఉంది, ఏ రకం కణంలో ఎలా మారుతోంది అన్నది ప్రశ్న. ఆ చక్కెరని వెతకడానికి ఆవుపాల నుంచి తీసిన ఎంజైమ్ ఒకటి వాడారు. దాని పేరు గాలక్టోసిల్ ట్రాన్స్‌ఫరేజ్. పాలల్లో తీపినిచ్చే లాక్టోజ్ తయారీలో పనిచేసేది ఇదే. చివర్లో ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్ ఎక్కడ కనిపించినా దాని మీద ఒక గాలక్టోజ్‌ని అతికించడం దీని స్వభావం. ఆ అతికించే గాలక్టోజ్‌ని ముందే ట్రిటియంతో రేడియోధార్మికం చేసి ఇస్తే, అది ఎక్కడ చేరిందో లెక్క తీయొచ్చు.

చేశారు. ప్రోటీన్ల మీద గుర్తు పడింది. ఇక మామూలు గొలుసుల్ని కోసే ఎంజైమ్ వేశారు. గొలుసు తెగితే గుర్తు కూడా దాంతో పాటు ఊడిపోవాలి. చాలా భాగం ఊడలేదు. క్షారంతో చూశారు, అప్పుడు ఊడింది. అంటే ఇది సెరీన్ గానీ థ్రియోనీన్ గానీ అనే అమైనో ఆమ్లానికి, ఆక్సిజన్ ద్వారా పట్టుకున్న చక్కెర. ఊడివచ్చిన ముక్క ఎంతుందో కొలిచారు. రెండంటే రెండు చక్కెరలు. అందులో ఒకటి వీళ్లు అతికించిన గాలక్టోజే. అంటే ప్రోటీన్ మీద సహజంగా ఉన్నది ఒక్కటే చక్కెర. దాని మీద గొలుసు లేదు, కొమ్మలు లేవు. అలాంటి అమరిక అప్పటిదాకా ఎవరూ చూడలేదు. మొదట్లో చెప్పిన ఓ-గ్లిక్‌నాక్ ఇదే. ఓ అంటే ఆ ఆక్సిజన్, గ్లిక్‌నాక్ అంటే ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్‌కి పొట్టి పేరు.

అసలు విషయం దాని తర్వాత బయటపడింది. కణాల్ని డిటర్జెంట్‌తో తెరిచి, లోపలికి కూడా ఎంజైమ్ వెళ్లేలా చేస్తే గుర్తు ఒక్కసారిగా పెరిగిపోయింది. ఈ చక్కెరలో ఎక్కువ భాగం కణం లోపలే ఉంది! పైపొర మీద వెతకడానికి బయల్దేరితే, ఉండకూడదన్న చోట కుప్పలుగా దొరికింది. 1984లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో అచ్చయింది.

సహజంగానే చాలామంది పెదవి విరిచారు. కణాలు పగిలి బయటి ప్రోటీన్లు లోపలివాటితో కలిసిపోయి ఉంటాయన్నది ముందు వచ్చే అనుమానం. నా ఉద్దేశంలో ఆ అనుమానం తప్పేమీ కాదు, అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబుగా 1986లో హార్ట్, గార్డన్ హోల్ట్ కలిసి ఎలుక కాలేయాన్ని తీసుకుని, కణంలోని ఒక్కో భాగాన్నీ విడదీసి, ఈ చక్కెర ఎక్కడుందో వెతికారు. కేంద్రకంలో ఉంది, కణద్రవ్యంలో ఉంది. కేంద్రకం చుట్టూ ఉండే పొరలో మరీ ఎక్కువగా ఉంది.

(సభలోంచి ప్రశ్న: ఇంత ఎక్కువగా ఉన్నదాన్ని అన్నాళ్లు ఎవరూ ఎందుకు చూడలేదండీ?)

మంచి ప్రశ్న అమ్మా. నేను చెప్పాలనుకున్న ముఖ్యమైన సంగతి కూడా ఇదే. ప్రోటీన్లని బరువుని బట్టి విడదీయడానికి జెల్ మీద పరిగెత్తిస్తాం. ఫాస్ఫేట్ చేరితే విద్యుదావేశం మారుతుంది, దాన్ని పట్టుకోవడానికి దారులున్నాయి. ఈ చక్కెరకి ఆవేశం లేదు, ఒక్కటే కాబట్టి బరువూ పెద్దగా పెరగదు. జెల్ మీద ప్రోటీన్ దాదాపు ఎప్పటి చోటే ఉంటుంది. పైగా కణాన్ని పగలగొట్టగానే లైసోజోములనే జీర్ణసంచుల్లోని ఎంజైములు బయటపడి ఈ చక్కెరని తినేస్తాయి. వాటిని ఆపే మందు వేయకపోతే, మనం చూసే సమయానికి అక్కడేమీ మిగలదు. ఇక తర్వాతి రోజుల్లో వచ్చిన, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ సంగతి ఇంకా ఘోరం. ప్రోటీన్ ముక్కని విరగ్గొట్టి చూస్తుంది కదా, ఆ దెబ్బకి ముందుగా రాలిపోయేది ఈ చక్కెరే. ఉందని తెలిసినా ఏ సెరీన్ మీద ఉందో చెప్పడం కష్టం. 2004లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హంట్ బృందం ఎలక్ట్రాన్ బదిలీతో ముక్కలు చేసే పద్ధతి తెచ్చాక గానీ ఈ కష్టం తీరలేదు. అంటే పరికరానికి కనిపించని వస్తువు ఇది. పరికరానికి కనిపించలేదు కాబట్టి లేదని పుస్తకాల్లో రాసుకున్నాం. బయోకెమిస్ట్రీ చెప్పే అధ్యాపకులు పిల్లలకి సూత్రంతో పాటు, ఆ సూత్రం ఏ పరికరంతో చూసి రాసిందో కూడా చెప్పాలని నేను గట్టిగా అనుకుంటాను. మన డిగ్రీ క్లాసుల్లో ఇప్పటికీ కార్బోహైడ్రేట్లంటే శక్తి, పిండిపదార్థం, సెల్యులోజ్ అని ముగించేస్తున్నాం. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

సరే, కథలోకి వద్దాం. 1987లో కేంద్రక పొర సంగతి తేలింది. కేంద్రకానికి గుమ్మాలుంటాయి, న్యూక్లియర్ పోర్లు. వచ్చేపోయే సరుకంతా వాటి గుండానే. ఆ గుమ్మాలను కట్టిన ప్రోటీన్ల మీద ఈ చక్కెర దట్టంగా ఉందని హార్ట్ ల్యాబు, లారీ గెరేస్ ల్యాబు కలిసి చూపించాయి. అదే ఏడాది వేరే ల్యాబులు కూడా విడివిడిగా అదే చెప్పాయి, వాటిలో గుంటర్ బ్లోబెల్ ల్యాబు ఒకటి. గోధుమ మొలకలో ఉండే ఒక ప్రోటీన్‌కి ఈ చక్కెరని పట్టుకునే గుణముంది. దాన్ని వేస్తే గుమ్మం దగ్గర రాకపోకలు ఆగిపోయాయి. మరుసటి ఏడాది, 1988లో, బర్క్‌లీలో రాబర్ట్ టిజియన్ ల్యాబు నుంచి ఇంకో వార్త. జన్యువుల్ని చదివించే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల మీద కూడా ఈ చక్కెర ఉందట. తమ సొంత పనిలో ఉండగా ఎదురొచ్చిన సంగతి అది, హార్ట్ మాట నిలబెట్టాలని చేసింది కాదు. సైన్సులో ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

ఇక ఇది ఏం పని చేస్తుందన్న ప్రశ్న మిగిలింది. ఇక్కడ ఫాస్ఫేట్ గురించి చెప్పుకోవాలి. ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ పెట్టి, తీసి, దాని పనిని కణం అదుపు చేస్తుందని ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కనిపెట్టారు. 1992లో నోబెల్ వచ్చింది. ఫాస్ఫేట్ ఎక్కేది ఎక్కువగా సెరీన్, థ్రియోనీన్ల మీదే. మన చక్కెర ఎక్కేదీ వాటి మీదే. బస్సులో కిటికీ పక్క సీటు మీద ముందే ఎవరో తువ్వాలు వేస్తే ఇంకొకరు కూర్చోలేరు కదా, అలా చక్కెర ఉన్నచోట ఫాస్ఫేట్ కూర్చోలేదు. దీనికి హార్ట్ ల్యాబు 1995లో చూపించిన ఉదాహరణ సి-మిక్ అనే ప్రోటీన్. కణ విభజనని నడిపే ప్రోటీన్ అది, అదుపు తప్పితే క్యాన్సర్. దానిలో 58వ స్థానంలోని థ్రియోనీన్ మీద ఫాస్ఫేట్ ఎక్కుతుందని అప్పటికే తెలుసు, లింఫోమా రోగుల్లో తరచుగా పాడయ్యే స్థానం కూడా అదే. సరిగ్గా ఆ 58 మీదే చక్కెర దొరికింది. అన్నిచోట్లా లెక్క ఇంత నేరుగా ఉండదు. కొన్నిసార్లు రెండూ పక్కపక్కనే ఉండి ఒకదానికొకటి సాయపడతాయి కూడా. అయినా ఈ ఒక్క స్థానం చూశాక దీన్ని అనవసరమైన అలంకారం అని కొట్టిపారేయడం కష్టమైపోయింది.

ఎంజైముల కథ చాలా ఏళ్లు పట్టింది. 1993లో హార్ట్ అలబామా విశ్వవిద్యాలయం బర్మింగ్‌హామ్ శాఖకు వెళ్లి, 1997లో మళ్లీ హాప్కిన్స్‌కి వచ్చారు. చక్కెరని తీసే ఎంజైమ్‌ని, ఓజీఏ అంటాం, 1994లో శుద్ధి చేశారు. పెట్టే ఎంజైమ్ ఓజీటీ. దాని జన్యువుని 1997లో హార్ట్ బృందం, జాన్ హనోవర్ బృందం విడివిడిగా పట్టుకున్నాయి. మనలో ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఫాస్ఫేట్ పెట్టడానికి మన శరీరంలో 500కి పైగా కైనేజ్ ఎంజైములు ఉన్నాయి. ఈ చక్కెరకి పెట్టేది ఒక్కటే, తీసేది ఒక్కటే. వేలాది ప్రోటీన్లకి ఆ రెండే దిక్కు! 2000 సంవత్సరంలో ఎలుకల్లో ఓజీటీ జన్యువుని తీసేసి చూశారు. మూలకణాలే బతకలేదు, పిండం ఎదగలేదు. "దీనికేదైనా పని ఉందా" అన్న ప్రశ్న ఆ ఏడాదితో ఆగిపోయింది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఓజీటీకి చక్కెర ఎక్కణ్ణుంచి వస్తుంది? యూడీపీ-గ్లిక్‌నాక్ అనే అణువు నుంచి. ఆ అణువుని కణం ఎలా తయారుచేస్తుందో చూడండి. అసలు సరుకు గ్లూకోజ్, అది పిండిపదార్థం నుంచి. నత్రజని ఉన్న భాగం గ్లుటమిన్ ఇస్తుంది, అది అమైనో ఆమ్లం, మాంసకృత్తుల లెక్క. ఎసిటైల్ ముక్క ఎసిటైల్ కోఏ నుంచి, కొవ్వు కరిగినా అదే పుడుతుంది. యూడీపీ భాగం యూటీపీ నుంచి, అది న్యూక్లియోటైడ్ల వాటా, కణంలో శక్తి ఉంటేనే దొరుకుతుంది. మనం తిన్న అన్నం, పప్పు, నెయ్యి అన్నీ ఈ ఒక్క అణువులో కలుస్తాయి. దాని మోతాదు పెరిగితే ఓజీటీ పని పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆ ఓజీటీయేమో జన్యువుల్ని చదివే ప్రోటీన్ల మీద కూర్చుని ఉంది. ఒంట్లోకి ఎంత ఆహారం వచ్చిందన్న కబురు జన్యువుల దాకా చేరే దారుల్లో ఇదొకటి. హార్ట్ దీన్ని పోషకాల సెన్సర్ అని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు.

అందుకే డయాబెటిస్ ఈ కథలోకి వచ్చింది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి డయాబెటిస్ ఉంది. మన ఇళ్లల్లో ఈ జబ్బుతో గుండె దెబ్బతిన్న మనిషి లేని కుటుంబం అరుదు. గుండె కండరంలో సిఏఎమ్‌కే-2 అనే ఎంజైమ్ ఉంటుంది. కాల్షియం వచ్చినప్పుడు లేచి, పని అయ్యాక పడుకోవాలి. 2013లో నేచర్ పత్రికలో డొనాల్డ్ బర్స్ బృందం, అందులో హార్ట్ కూడా భాగస్వామి, ఒక సంగతి చూపించింది. గ్లూకోజ్ ఎక్కువైనప్పుడు ఈ ఎంజైమ్ మీద 279వ స్థానంలో ఓ-గ్లిక్‌నాక్ ఎక్కుతుంది. ఎక్కాక అది పడుకోదు. కాల్షియం తగ్గినా పనిచేస్తూనే ఉంటుంది, గుండె లయ తప్పుతుంది. షుగర్ ఎక్కువైతే గుండెకి మంచిది కాదని డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఏ ప్రోటీన్‌లో, ఏ స్థానంలో, ఎలా అన్నదానికి ఒక జవాబు ఇక్కడ దొరికింది.

(సభలోంచి ప్రశ్న: అయితే ఏ1సీ బదులు ఈ పరీక్షే చేయించుకోవచ్చా సార్?)

ఇప్పుడైతే కాదండీ. 2010లో హార్ట్, హాప్కిన్స్‌లోని డయాబెటిస్ వైద్యుడు క్రిస్టఫర్ సౌడెక్ కలిసి మనుషుల ఎర్రకణాల్లో ఓజీఏని కొలిచారు. డయాబెటిస్ ఉన్నవాళ్లలోనే కాదు, ఇంకా ఆ గీత దాటని ప్రీడయాబెటిస్ వాళ్లలో కూడా అది పెరిగి ఉంది. చక్కెర ఎక్కువగా ఎక్కుతుంటే, తీసేదాన్ని కూడా కణం పెంచుకుంటోందన్నమాట. ముందుగా పసిగట్టడానికి పనికొస్తుందన్న ఆశ పుట్టింది. కానీ ల్యాబుకి వెళ్లి అడిగి చేయించుకునే పరీక్షగా అది ఇంకా రాలేదు. మీ డాక్టరు చెప్పినట్టు ఏ1సీనే చేయించుకోండి, మానొద్దు.

మెదడు సంగతి కొంచెం చెప్పి ఆపుతాను. అల్జైమర్స్‌లో టావ్ అనే ప్రోటీన్ మీద ఫాస్ఫేట్లు విపరీతంగా చేరి, అది ముద్దలు కడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడు నుంచి తీసిన టావ్ మీద ఓ-గ్లిక్‌నాక్ దండిగా ఉంటుందని హార్ట్ ల్యాబు 1996లో చెప్పింది. మెదడుకి గ్లూకోజ్ సరిగా అందకపోతే టావ్ మీద ఓ-గ్లిక్‌నాక్ తగ్గి, ఆ జాగాలో ఫాస్ఫేట్ పెరుగుతోందా? ఇది ఊహే, కానీ పరీక్షించగల ఊహ. కెనడాలో డేవిడ్ వొకాడ్లో ఓజీఏని ఆపే థయామెట్-జి అనే అణువుని 2008లో తయారుచేశారు. చక్కెరని తీసే ఎంజైమ్‌ని ఆపితే చక్కెర నిలుస్తుంది. ఎలుకల్లో టావ్ ముద్దలు తగ్గాయని 2012లో చూపించారు. ఈ దారిలోనే మందులు మనుషుల దాకా వచ్చాయి. 2024లో ఒక పెద్ద పరీక్షలో ఆశించిన ఫలితం రాలేదు. నిరాశే. అయితే ఆ దారి మూసుకుపోయిందని నేను అనుకోను. జబ్బు ముదిరాక ఇచ్చారా, ముందే ఇవ్వాలా అన్న ప్రశ్న అల్జైమర్స్ మందులన్నిటికీ ఉన్నదే.

హార్ట్ గురించి ఒక్కమాట. గ్లైకోబయాలజీ అన్న పత్రికకి తొలి సంపాదకుడు ఆయనే. ఆ తర్వాత జార్జియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. నోబెల్ రాలేదు. చక్కెరల్ని గుర్తించే రసాయన పద్ధతులతో మొదలుపెట్టిన కరొలిన్ బెర్టొజీకి 2022లో వచ్చింది, ఓ-గ్లిక్‌నాక్‌ని గుర్తించడానికి కూడా ఆమె ల్యాబు పద్ధతులు పనికొచ్చాయి. నాకు హార్ట్‌లో గొప్పగా కనిపించేది ఆ మొదటి ప్రయోగం ఒక్కటే కాదు. అలాంటి ఆశ్చర్యం చాలామంది ల్యాబుల్లో ఎదురవుతుంది. "ఏదో కలుషితమై ఉంటుంది" అని పారబోసి, గ్రాంటు వచ్చే పనిలోకి వెళ్లిపోతారు. ఆయన పారబోయలేదు. శుద్ధి చెయ్యడం, యాంటీబాడీలు తయారుచేయడం, అడిగిన ల్యాబులతో కలిసి పనిచేయడం, ఇలా మెరుపు లేని పనిని దశాబ్దాల పాటు ఓపిగ్గా చేశారు. ఇవాళ 5000కి పైగా ప్రోటీన్ల మీద ఈ చక్కెర ఉందని జాబితాలు చెబుతున్నాయి.

తేలని పెద్ద ప్రశ్న ఇంకా ఉంది. ఒక్క ఓజీటీ ఇన్ని వేల ప్రోటీన్లలో ఎప్పుడు దేన్ని ఎంచుకోవాలో ఎలా నిర్ణయిస్తుంది? ఫాస్ఫేట్‌కైతే ఫలానా కైనేజ్ ఫలానా వరస చూసి పెడుతుందని చెప్పగలం. దీనికి అలాంటి ఒకే వరస లేదు. ఎంజైమ్‌కి పొడవాటి చుట్ట లాంటి భాగం ఒకటి ఉంది, ప్రోటీన్లు అక్కడ ఆనుకుంటాయి, దాని తోడు ప్రోటీన్లని బట్టి ఎంపిక మారుతుందని ఒక అభిప్రాయం. ఇప్పుడు ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితం కాదు. ఓజీటీ జన్యువులో ఒక్క అక్షరం మారి, మేధో వైకల్యంతో పుట్టిన మగపిల్లలున్న కుటుంబాల్ని వైద్యులు గుర్తించారు. ఆ మార్పుల్లో చాలావరకు ప్రోటీన్లు ఆనుకునే ఆ పొడవాటి భాగంలోనే ఉన్నాయి. చక్కెర పెట్టే శక్తి మొత్తంగా పోలేదు, పోతే పిల్లలు పుట్టేవాళ్లే కాదు. మరి ఏ ప్రోటీన్‌కి అందాల్సిన చక్కెర అందక ఆ పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటోంది? ఇక్కడ కూర్చున్న ఎమ్మెస్సీ విద్యార్థుల్లో ఎవరికైనా ఈ ప్రశ్న పట్టుకుంటే, టీ విరామంలో నా దగ్గరికి రండి, ఎక్కణ్ణుంచి చదవడం మొదలుపెట్టాలో చెప్తాను. ఇక మిగతా ప్రశ్నలు తీసుకుందాం.